కోరాపుట్ నుంచి రాయగడ: మా వరలక్ష్మికి షుగర్ పడిపోయిన రోజు

పాతికేళ్లుగా విజయనగరంలో ఒక హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. తూర్పు కనుమల పాఠం వచ్చినప్పుడల్లా గోడకి పటం తగిలించి, బెత్తాన్ని కోరాపుట్ దగ్గర ఆపి, "ఇదిగో, ఇక్కడే దేవమాలి. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన కొండ" అంటాను. కిందటేడు చివరి బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి "మీరు చూసేరా టీచర్?" అని అడిగింది. మా ఊళ్లో రైలెక్కితే ఒక పూటలో చేరే చోటు. చూడలేదమ్మా అని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి స్టాఫ్ రూములో చెప్పుకుని నవ్వుతుంటే, లెక్కల టీచర్ వరలక్ష్మి దిద్దుతున్న నోటు పుస్తకం పక్కన పెట్టి "రెండు రోజులు సెలవు, మనిషికి ఐదు వేలు. ఇద్దరం వెళ్లొద్దాం, పద" అంది. ఇళ్లలో వాళ్లెవరూ లేకుండా మేమిద్దరం చేసిన మొదటి ప్రయాణం అలా మొదలైంది.

వరలక్ష్మి గురించి రెండు మాటలు చెప్పాలి. నాకంటే రెండేళ్లు పెద్దది, యాభై ఆరు. ఇరవై ఏళ్లలో ఆమె ఒక పిల్లాడి మీద గొంతు పెంచగా నేను వినలేదు. తప్పు చేసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ మొదటినుంచి లెక్క చేయిస్తుందంతే. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటుంది. దసరా, దీపావళి మిఠాయిలతో రక్తపరీక్షలో అంకెలు బాగా పెరిగాయని, మేం బయల్దేరడానికి పది రోజుల ముందు వాళ్ల డాక్టరు మందు మార్చారు. ఆ భయంతో రాత్రిపూట అన్నం తనంతట తనే మానేసింది. నాకు ఇదంతా తెలుసు. తెలిసీ అందులో ఆలోచించాల్సిందేదో ఉందని తోచలేదు. షుగర్ అంటే పెరిగేదే అని, తీపి తినకపోతే చాలని అనుకునేదాన్ని.

నవంబరులో ఒక శుక్రవారం తెల్లవారుజామున మా ఊరిమీదుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రాయగడ దాటాక సొరంగాలు, లోయలు, పసుపుపచ్చటి వలిసె పూల చేలు మొదలవుతాయి. కుడివైపు కిటికీ దొరికితే వదలకండి. కోరాపుట్ మీదుగా మధ్యాహ్నానికి జయపురం చేరి, బస్టాండు దగ్గర పద్నాలుగు వందలకి ఇద్దరికీ గది తీసుకున్నాం. సాయంత్రం పాత కోట వీధులు తిరిగాం. రైసు మిల్లుల ఊరు కదా, గాలిలో ఊక వాసన. లాడ్జి మేనేజరు మర్నాటికి కారు మాట్లాడిపెట్టాడు. జయపురంలో ఎక్కి, కోరాపుట్ జగన్నాథుణ్ణి, దేవమాలిని చూసుకుని, లక్ష్మీపూర్ దారిలో సాయంత్రానికి రాయగడలో దిగేట్టు నాలుగు వేల రెండు వందలు. రాయగడలో మజ్జిగౌరి అమ్మవారి దర్శనం చేసుకుని, ఆరు లోపు రైలెక్కి రాత్రి భోజనానికి ఇంట్లో ఉండాలని మా లెక్క.

డ్రైవరు పేరు సింహాచలం. నలభై ఏళ్లుంటాయి. రామనగుడ దగ్గర వ్యవసాయం చేసే తెలుగు కుటుంబం, తాతలనాడు శ్రీకాకుళం వైపునుంచి వచ్చినవాళ్లు. పొలం అన్నదమ్ములకి వదిలి జయపురంలో కారు తోలుకుంటున్నాడు. శనివారం ఉదయం ఆరింటికే లాడ్జి ముందుకొచ్చాడు. మా యాస విని "మనోల్లేనా అమ్మగోరూ! అయితే ఇంక ఒరియా మాటాడక్కల్లేదు" అని సంబరపడ్డాడు. కారు ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ఆరున్నరకి వరలక్ష్మి సంచీలోంచి మందుల పర్సు తీసి మాత్రలు వేసుకుంది. ఏడింటికల్లా కోరాపుట్లో టిఫిన్ చేస్తాం కదా అని.

ఏడింటికి కోరాపుట్ చేరాం గానీ టిఫిన్ చెయ్యలేదు. కొండమీద శబర శ్రీక్షేత్రంలో జగన్నాథుడి తెల్లటి గుడి చూడగానే "దర్శనం అయ్యాకే తింటాను" అంది వరలక్ష్మి. దర్శనం అయ్యి, ప్రసాదం చిటికెడు నోట్లో వేసుకుని, సెమిలిగుడలో హోటలు చేరేసరికి ఎనిమిదిన్నర. అక్కడ నాలుగు ఇడ్లీల ప్లేటులో ఒకటిన్నర తిని వదిలేసింది. మంచినీళ్లు రెండు గుక్కలు. ఎందుకని నేను అడగలేదు, నేనూ అంతే చేశాను కాబట్టి. ప్రయాణంలో ఆడవాళ్లం తిండీ నీళ్లూ ఎందుకు తగ్గిస్తామో చదివే ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు, మగవాళ్లకి మాత్రం చెబుతాను. కొండదారిలో బాత్రూము ఎక్కడుంటుందో తెలియదు. ఉన్నా ఎలా ఉంటుందో తెలియదు. అందుకని కడుపు మాడ్చుకుంటాం.

దేవమాలి గురించి ఒక పేజీ రాయగలను, కానీ ఈరోజు దాని వంతు కాదు. కారు దాదాపు పైదాకా వెళ్తుంది. పార్కింగుకి ఏదో కొద్దిగా తీసుకున్నారు. మేం పదింటికి చేరేసరికి మంచు విడిపోతోంది. గడ్డి కొండలు ఒకదాని వెనక ఒకటి, ఏనుగులు పడుకున్నట్టు. అక్కడినుంచి శిఖరం దాకా నడిచాం. వరలక్ష్మి నాకంటే ముందు నడిచింది, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని. పైన నిలబడి ఫొటో తీయించుకున్నాం. ఆ ఫొటోలో ఆమె నవ్వుతోంది. పన్నెండింటికి కిందకి దిగాం. ఆకలేస్తోందా అంటే "లక్ష్మీపూర్లో తిందాంలే, ఎంతసేపు" అంది.

ఎంతసేపు అంటే చాలాసేపే పట్టింది. లక్ష్మీపూర్ రోడ్డు పట్టుకున్నాక ఒకచోట రోడ్డు పని జరుగుతోంది. ఒకవైపు లారీలు వదిలి మరోవైపు ఆపుతున్నారు. అక్కడే ముప్పావుగంట ఆగిపోయాం. ఒంటిగంట ముప్పావు అయింది. అప్పుడు వరలక్ష్మి "ఇతను కావాలనే మనల్ని చుట్టు తిప్పుతున్నాడు" అంది, సింహాచలానికి వినపడేట్టు. నేను తెల్లబోయాను. ఉన్నది ఒక్కటే రోడ్డు, ముందు లారీలు కనిపిస్తూనే ఉన్నాయి. అదే చెప్పాను. ఆమె నావైపు తిరిగింది.

"నీకేం తెలుసు? పటంలో బెత్తం పెట్టి చూపించడం తప్ప నీకు దారి తెలుసా? నీ సరదాకి నన్ను లాక్కొచ్చి చంపుతున్నావు!"

గొంతు పెంచి అంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రమ్మన్నది తనే కదా! నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. లారీలు కదిలాయి, మా కారూ కదిలింది. దాదాపు ఇరవై నిమిషాలు నేను ఆమె మొహం చూడలేదు. ఆ ఇరవై నిమిషాలూ నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటాయి.

చూసింది సింహాచలం. అద్దంలోంచి వెనక్కి చూస్తూ, మెల్లగా అన్నాడు. "మేడంగోరూ, ఏటనుకోకండి. ఆ అమ్మగోరిది కోపం కాదు. ఆ సెమటలు సూడండి. అద్దాలన్నీ దించున్నాయి, నాకే సలేస్తంది."

తిరిగి చూశాను. వరలక్ష్మి నుదురు, మెడ, జాకెట్టు భుజాలు తడిసిపోయి ఉన్నాయి. చేతులు సన్నగా వణుకుతున్నాయి. మొహం పాలిపోయింది. "వరం, ఏమైంది?" అంటే నావైపు చూసింది గానీ నన్ను చూడలేదు. "మూడో పీరియడు బెల్లు కొట్టేశారా?" అని అడిగింది.

పక్షవాతమేమో అనుకున్నాను. సింహాచలం మాత్రం "సుగరుందా ఆ తల్లికి?" అని అడిగాడు. ఉందన్నాను. "అయితే పడిపోనాదండి. రెండు నిమిసాల్లో హోటలొస్తాది, మీరు పట్టుకొని కూకోండి" అని బండి వేగం పెంచాడు.

లక్ష్మీపూర్ దగ్గర రోడ్డు పక్కన రేకుల కప్పు హోటలు అది. రెండు పొయ్యిలు, నాలుగు బల్లలు. నడిపేది ఒక లావుపాటి ఒడియా ఆవిడ, అందరూ మావుసీ అంటారు, అంటే పిన్ని. ఇద్దరం చెరో రెక్క పట్టుకుని వరలక్ష్మిని బల్ల మీద కూర్చోబెట్టాం. సింహాచలం లోపలికి చూస్తూ "మావుసీ! చిని, చిని! బేగి!" అని అరిచాడు. చిని అంటే పంచదార. ఈలోగా అన్నం తింటున్న వాళ్లు చుట్టూ మూగారు. ఒకాయన మొహాన నీళ్లు కొట్టమన్నాడు. ఇంకొకాయన గాలి సోకిందన్నాడు. నేను సంచీలో ఉన్న నేతి లడ్డూ తీసి వరలక్ష్మి నోట్లో పెట్టబోయాను.

"అది వద్దమ్మా, ఆగండి" అని తెలుగులో వినిపించింది. మూలబల్ల దగ్గర భోజనం చేస్తున్న ఒకావిడ ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి, నీలంరంగు కాటన్ చీర. "నేను నర్సుని. ఈవిడకి సుగరుందా? మాత్రలా, ఇంజక్షనా? పొద్దున్న ఏటి తిన్నారు?" మూడు ప్రశ్నలు, గబగబా. నేను చెప్పాను. ఆవిడ వరలక్ష్మి గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. "అక్కా, నావైపు చూడండి. ఈ నీళ్లు ఒక్క గుక్క మింగండి." వరలక్ష్మి మింగింది. "బాగుంది. మింగగలుగుతున్నారు. మింగలేకపోతే, తెలివి లేకపోతే నోట్లో ఏదీ పొయ్యకూడదు. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి నూటఎనిమిదికి ఫోన్ చెయ్యడమే."

మావుసీ గ్లాసులో పంచదార తెచ్చింది. నర్సు నాలుగు చెంచాలు కొంచెం నీళ్లలో కలిపి గుక్క గుక్కగా తాగించింది. లడ్డూ ఎందుకు వద్దో అప్పుడే నాకు చెప్పింది. నెయ్యి ఉంటే తీపి ఒంటికి పట్టడం ఆలస్యమవుతుందట. ఉత్త పంచదారో, గ్లూకోజో, పళ్లరసమో అయితే త్వరగా పట్టుకుంటుందట. "మిషను లేదు కదా సిస్టర్, ఒకవేళ షుగర్ పెరిగి ఇలా అయ్యుంటే?" అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఏదో తెలీనప్పుడు పడిపోయిందనే అనుకోవాలమ్మా. పెరిగినదానికి ఇంకో నాలుగు చెంచాలు పడితే పెద్ద నష్టం లేదు. పడిపోయినదానికి ఇవ్వకపోతే మనిషి దక్కదు."

తర్వాత పదిహేను నిమిషాలు వాచీ చూసుకుంటూ నిలబడింది. నా జీవితంలో అంత పొడుగు పదిహేను నిమిషాలు లేవు. వరలక్ష్మి వణుకు కొంచెం తగ్గింది కానీ మాట ఇంకా తడబడుతోంది. మళ్లీ నాలుగు చెంచాలు. ఇంకో పది నిమిషాలకి వరలక్ష్మి చెమట తుడుచుకుని, చుట్టూ చూసి, చాలా మామూలుగా "పద్మా, వీళ్లంతా ఎవరు? ఎందుకిలా చూస్తున్నారు?" అంది. నేను ఏడ్చేశాను. మావుసీ నా వీపు నిమిరి, ఇద్దరికీ వేడన్నం, పప్పు, బంగాళాదుంప వేపుడు పెట్టింది. తర్వాత ఎంత చెప్పినా భోజనం డబ్బులే తీసుకుంది, "చినికి డబ్బా?" అని నవ్వేసింది.

నర్సు పేరు ఎస్తేరు. వాళ్ల తాతగారు కోస్తా నుంచి మిషన్ బడిలో పంతులుగా వచ్చారట. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, రాయగడ దగ్గర కొల్నారలో కాపురం. కోరాపుట్లో చదువుకుంటున్న తమ్ముడి కూతుర్ని చూసి, రాయగడ వైపు బస్సు కోసం ఎదురుచూస్తూ భోజనానికి కూర్చుంది. బస్సు అరగంట ముందు వచ్చి ఉంటే ఆవిడ మాకు దొరికేది కాదు.

అన్నం తిన్నాక వరలక్ష్మి పూర్తిగా మామూలు మనిషి అయిపోయింది. సిగ్గుపడింది కూడా. "సరే, అయిందేదో అయింది. మూడయింది, బయల్దేరితే అమ్మవారిని చూసుకుని రైలు అందుకోవచ్చు" అంది. నిజం చెబుతాను, నాకూ అదే అనిపించింది. ఎస్తేరు చెయ్యి తుడుచుకుంటూ "గుడి ఎక్కడికీ పోదు అక్కా. రాయగడలో ముందు ఆస్పత్రికి వెళ్లండి" అంది.

"ఇప్పుడు బాగానే ఉన్నాను కదమ్మా!"

"బాగున్నారు. మీ మాత్ర కూడా బాగానే ఉంది, లోపల ఇంకా పని చేస్తోంది. కొన్ని మాత్రలు ఒంట్లో ఇన్సులిన్ ఊరేట్టు చేస్తాయి. వాటి జోరు రోజంతా ఉంటుంది. పంచదార జోరు గంటే. అది దిగిపోయేక మళ్లీ పడతారు. ఈసారి పక్కన ఎవరుంటారు?"

వరలక్ష్మి నావైపు చూసింది. మా ఇద్దరి బదులూ సింహాచలం తేల్చాడు. "అమ్మగోరూ, మీరు నాకు గుడికని సెప్పేరు. నాను గుడికి తోల్ను. ఆస్పత్రికే తోల్తాను. మా మావకి ఇలాగే అయితే, పంచదార నీల్లు తాగి లేసి కూకున్నాడు, బాగుందిలే అని పొలానికెల్పోనాడు. సాయంత్రం గట్టు మీద పడిపోయున్నాడు. రెండు నెల్లు మంచం దిగలేదు. నానొప్పుకోను." ఆమాటతో కారెక్కాం. ఎస్తేరుని కూడా ఎక్కించుకున్నాం, దారి ఒకటే కాబట్టి.

లక్ష్మీపూర్ నుంచి రాయగడకి మాకు గంటా ముప్పావు పట్టింది. ఘాటు దిగుతున్నంతసేపూ ఎస్తేరు వరలక్ష్మి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, మధ్యమధ్య చెమట పడుతోందేమో చూస్తూ కూర్చుంది. కోపం, చిరాకు, సంబంధం లేని మాటలు, తాగినవాళ్లలా తూలడం, ఇవన్నీ షుగర్ పడిపోతోందనడానికి గుర్తులేనని చెప్పింది. "మెదడుకి తిండి చక్కెరే కదమ్మా. అది అందకపోతే మనిషి మనిషిలా మాట్లాడదు." ఆ మాట విని నేను మళ్లీ కిటికీవైపు తిరిగాను, ఈసారి సిగ్గుతో.

"మరి పెరిగితే ఎలా తెలుస్తుంది?" అని వరలక్ష్మే అడిగింది. అది మెల్లగా వస్తుందంది ఎస్తేరు. దాహం తీరదు, మాటిమాటికీ ఒంటేలుకి వెళ్తారు, నీరసం. అంతవరకూ ఉంటే డాక్టరుకి చూపించుకోవడానికి టైముంటుంది. కానీ వాంతులు, కడుపునొప్పి, ఆయాసంతో బుస్సుబుస్సుమని ఊపిరి, మగత వస్తే ఆగకూడదు, వెంటనే ఆస్పత్రే. జ్వరం తగిలినప్పుడు మరీ జాగ్రత్త. "చాలామంది తిండి పోవట్లేదు కదా అని ఇంజక్షను వాళ్లంతట వాళ్లే పూర్తిగా మానేస్తారు. అది ఇంకా ప్రమాదం. ఫోన్లో అయినా డాక్టర్ని అడగాలి. పడిపోయినా పెరిగినా, మీ అంతట మీరు లెక్క కట్టుకోకండి." లెక్కల టీచర్ తల వంచుకుని "అలాగేనమ్మా" అంది.

నాలుగు ముప్పావుకి రాయగడలో ఒక ఆస్పత్రి ముందు దిగాం. వేలికి సూది గుచ్చి చూస్తే ఎనభై ఒకటి. వరలక్ష్మి మొహం వెలిగిపోయింది. "చూశారా, మామూలే! ఇంకా గంట టైముంది రైలుకి." డ్యూటీ డాక్టరు చిన్నవాడు, ఒడియా అబ్బాయి. హిందీలో మొదలుపెట్టి సగం తెలుగులో ముగించేవాడు. "మేడం, రైల్ రేపు కూడా ఉంటుంది. ఈ రాత్రి ఇక్కడ ఉండాలి. గంట గంటకి చూస్తాం" అన్నాడు. ఎస్తేరు కూడా వెళ్లలేదు, మంచం పక్కనే స్టూలు వేసుకుంది.

ఆరింటికి మళ్లీ చూశారు. నలభై తొమ్మిది.

అన్నం తిని మూడు గంటలే అయింది. ఈసారి చెమట కూడా పెద్దగా పట్టలేదు. వరలక్ష్మి గోడవైపు తిరిగి పడుకుని, కళ్లు మూతలు పడుతుంటే "నిద్దరొస్తోంది పద్మా, కాసేపు పడుకోనీ" అంటోంది, అంతే. నర్సులు పరుగున వచ్చి సెలైను సూదిలోంచి గ్లూకోజు ఎక్కించారు. నేను గోడకి చేరబడి గడియారం చూశాను. మేం అనుకున్నట్టు జరిగి ఉంటే ఆ టైముకి రైల్లో ఉండేవాళ్లం. ఆమె పడుకుంటానంటే పై బెర్తు మీది దుప్పటి తీసి కప్పి ఉండేదాన్ని. పాపం అలిసిపోయింది, లేపకూడదు అనుకుని పార్వతీపురం, బొబ్బిలి దాటేదాకా నా పుస్తకం నేను చదువుకుంటూ ఉండేదాన్ని. ఆ ఊహకి కింద కూర్చుండిపోయాను. ఎస్తేరు వచ్చి లేపింది.

ఎందుకిలా అయిందో డాక్టరు కాసేపట్లో తేల్చాడు. మందులన్నీ చూపించమంటే పర్సు ఇచ్చాను. రెండు మాత్రల అట్టలు తీసి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. పేర్లు వేరు, రంగులు వేరు. కిందనున్న చిన్న అక్షరాల మీద వేలుపెట్టి చదవమన్నాడు. రెండింట్లోనూ మందు ఒకటే! కొత్తది పాతదానికంటే మోతాదు ఎక్కువ. పాతది ఆపి కొత్తది వేసుకోమని వాళ్ల డాక్టరు చీటీలో స్పష్టంగానే రాశారు, అది కూడా పర్సులోనే ఉంది. పేర్లు వేరు కదా అని వరలక్ష్మి పది రోజులుగా రెండూ వేసుకుంటోంది. దానికితోడు రాత్రి అన్నం లేదు, పొద్దున్న ఒకటిన్నర ఇడ్లీ, పైగా కొండ ఎక్కడం. తెలివొచ్చాక వరలక్ష్మి అంతా వింది. తర్వాత "తీసివెయ్యమంటే కలిపాను" అంది. డాక్టరుకి ఆ తెలుగు అర్థం కాలేదు గానీ, మేం ముగ్గురం నవ్వితే తనూ నవ్వాడు.

ఆ రాత్రంతా గ్లూకోజు నడిచింది. తెల్లారేసరికి అంకె నూట ఇరవై దాటి నిలకడగా ఉంది. కిడ్నీ పరీక్ష కూడా చేసి బాగుందన్నారు. ఆ రెండు మాత్రలూ ప్రస్తుతానికి ఆపి, ఊరెళ్లగానే వాళ్ల డాక్టర్ని కలవమని కాగితం రాసిచ్చారు. పొద్దున్నే సింహాచలం ప్రత్యక్షమయ్యాడు. రాయగడలో వాళ్ల చెల్లెలింట్లో పడుకున్నాడట. ఆవిడ చేసిన ఉప్మా స్టీలు డబ్బాలో తెచ్చి "ముందు తినండి, తరవాత మాటాడదాం" అన్నాడు. ఆదివారం కావడంతో ఎస్తేరు చర్చి అయ్యాక పదకొండింటికి తెల్లచీరలో వచ్చింది. వరలక్ష్మి పేరు చెప్పి ప్రార్థన చేయించానంది. వరలక్ష్మి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "ఏటక్కా, నేనేం చేసేను? పంచదార మావుసీది, కారు ఆయనది. నేను వాచీ చూసేను, అంతే" అంది ఎస్తేరు.

మధ్యాహ్నం రైల్లో మేమిద్దరమే అయ్యాక వరలక్ష్మి అడిగింది. "పద్మా, దేవమాలి దిగడం వరకే నాకు గుర్తుంది. తర్వాత నేనేమైనా అన్నానా?"

లేదని చెప్పాలనుకున్నాను. కానీ చెప్పాలనిపించిన అసలు మాట వేరే ఉంది. "అన్నావు. నీ సరదాకి చంపుతున్నావన్నావు. నేను అలిగి ఇరవై నిమిషాలు నీ మొహం చూడలేదు. అప్పుడే చూసి ఉంటే..." ఆమె నా చెయ్యి లాక్కుని తన ఒళ్లో పెట్టుకుంది. "నేను అలా మాట్లాడే మనిషినా? నీకు తెలీదూ?" అంది. నిజమే. నాకు తెలిసి ఉండాల్సింది. ఇకమీదట తెలుస్తుంది.

ఇంటికొచ్చి నెల దాటింది. ప్రయాణం ఎలా జరిగిందని అడిగినవాళ్లకి ముందు ఆ ముగ్గురి పేర్లే చెబుతున్నాను. మాకు భాష సరిగ్గా రాని చోట, ముక్కూమొహం తెలియని మా కోసం ఒకరు అన్నం మధ్యలో లేచొచ్చారు, ఒకరు ఇంటికి వెళ్లడం మానుకున్నారు, ఒకరు పొయ్యి దగ్గర పని వదిలేశారు. వాళ్లు చేసినదాంట్లో మహాకష్టమైనదేదీ లేదని వాళ్లే అంటారు. కానీ చెమటని చెమటగా చూసిన కళ్లు, గాలి సోకిందన్న మాటల మధ్య సరైన ప్రశ్న అడిగిన నోరు, బాగున్నానన్న మనిషిని ఆస్పత్రి దాకా వదలని మొండితనం, ఈ మూడూ ఒకే రోడ్డు మీద ఒకే మధ్యాహ్నం దొరకడం మా అదృష్టం. కొండలకోసం కోరాపుట్ వెళ్లండి. ఆ మనుషులు ఎలాంటివాళ్లో నా మాటగా గుర్తుపెట్టుకోండి.

ఇంక షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడుతూ ప్రయాణం పెట్టుకున్నవాళ్లకి ఒక్క సలహా. పంచదార పొట్లం, మందుల చీటీ తప్పకుండా తీసుకెళ్లండి, కానీ మీ సంచీలో పెట్టుకోకండి. మీ పక్కన కూర్చునే మనిషి చేతికివ్వండి. ఇచ్చేటప్పుడు "నేను ఊరికే నీ మీద అరిస్తే, కోపం తెచ్చుకోకముందు ఇది నా నోట్లో పొయ్యి" అని చెప్పండి.